టెలోమియర్ల పొడవు, జన్యు వైవిధ్యం, స్త్రీలలో హృద్రోగం

టెలోమియర్ అనగా క్రోమోజోము కొన యందు ఉండే డి.ఎన్.ఏ. భాగం. మానవ కణంలోని 46 క్రోమోజోములకు, ఒక్కొక్కదానికి రెండు కొనల చొప్పున, 92 టెలోమియర్లు ఉంటాయి. కణం విభజన చెందిన ప్రతిసారీ ఇవి కొద్దికొద్దిగా తరుగుతాయి. అందువలన వయస్సు పెరిగినకొద్దీ వీటి పొడవు తగ్గుతుంది. అయితే ఒకే వయస్సు గల ఇద్దరిలో ఈ పొడవు ఒకటిగా ఉండదు. ఈ తేడాలో ఎక్కువ భాగం వంశపారంపర్యంగా వచ్చేదే. సగటున స్త్రీల టెలోమియర్లు పురుషుల టెలోమియర్ల కంటె పొడవైనవి. గుండెపోటు కూడా స్త్రీలకు పురుషుల కంటె కొన్ని సంవత్సరాలు ఆలస్యంగా వస్తుంది. ఈ రెండు విషయాలకూ పరస్పర సంబంధం ఉన్నదా? ఉన్నచో, కురచ టెలోమియర్లు రోగానికి కారణమా, లేక ముదిమికి ఒక గుర్తు మాత్రమేనా? వైద్య పరిశోధకులు 2001 నుండి ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతున్నారు. ఆ సమాధానం చాలవరకు జన్యువుల అధ్యయనం ద్వారానే లభించింది.

పేరు, నిర్మాణం

గ్రీకు భాషలో "టెలోస్" అంటే అంతం, "మెరోస్" అంటే భాగం. ఈ రెండు మాటలను కలిపి 1938లో హెర్మన్ ముల్లర్ ఈ పేరు పెట్టాడు. ఎక్స్ కిరణాలతో ఈగల క్రోమోజోములను తెంచి చూసినపుడు, తెగిన ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కుంటున్నవి గాని, సహజమైన కొనలు మాత్రం అతుక్కోవడం లేదని ఆయన గమనించాడు. దాదాపు అదే కాలంలో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో ఇదే సంగతిని కనుగొన్నది. అనగా సహజమైన కొనకు ఏదో రక్షణ ఉన్నది.

ఆ రక్షణను చేనేత చీర కొంగుతో పోల్చవచ్చును. కొంగు చివర పోగులు ఊడిపోకుండా కుచ్చులు ముడి వేస్తారు. ఆ కుచ్చులలో బుటా గాని, జరీ పువ్వు గాని ఉండదు. చీరను కాపాడడమే వాటి పని. టెలోమియరు కూడా అటువంటిదే. దానిలో ఏ ప్రోటీను తయారీకీ ఆదేశం లేదు. మనుషులలో టీ, టీ, ఏ, జీ, జీ, జీ అనే ఆరు అక్షరాల వరుస వేలసార్లు పునరావృతం అవుతూ ఉంటుంది. దీనిని 1988లో గుర్తించారు. అంతకు పది సంవత్సరాల ముందే, 1978లో, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ చెరువు నీటిలో ఉండే టెట్రాహైమినా అనే ఏకకణ జీవిలో ఇటువంటి వరుసను కనుగొన్నారు.

తరుగుదల

డి.ఎన్.ఏ.ను నకలు తీసే ఎంజైము దాని చిట్టచివరి వరకు నకలు తీయలేదు. నేల అలుకుతూ వెనుకకు జరిగే మనిషి తాను కూర్చున్నంత చోటును అలకలేదు గదా! అటువంటి ఇబ్బందే ఇది. ఈ లోపాన్ని 1971లో రష్యా శాస్త్రవేత్త అలెక్సీ ఒలోవ్నికోవ్, 1972లో జేమ్స్ వాట్సన్ వేరువేరుగా గుర్తించారు. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలు సుమారు 40 నుండి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని లియొనార్డ్ హేఫ్లిక్ 1961లోనే చూపించి యున్నాడు. ఆ హద్దుకు కారణం కొనలు తరిగిపోవడమేనని ఒలోవ్నికోవ్ ఊహ. తరువాతి ప్రయోగాలు దానిని బలపరచినవి.

తరిగిన కొనను తిరిగి పూరించే ఎంజైము కూడా ఒకటి ఉన్నది. దాని పేరు టెలోమరేజ్. బ్లాక్‌బర్న్ శిష్యురాలు కేరల్ గ్రైడర్ 1984 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ప్రయోగశాలకు వెళ్ళి చూసిన ఫిల్ము మీద ఈ ఎంజైము జాడ మొదటిసారి కనబడింది. బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్ ఈ ముగ్గురికీ 2009లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. విజ్ఞానశాస్త్రాలలో ఒకే నోబెల్ బహుమతిని ఇద్దరు స్త్రీలు పంచుకొనడం అదే మొదటిసారి.

టెలోమరేజ్ అన్ని కణాలలోను పనిచేయదు. బీజకణాలలోను, చాలావరకు క్యాన్సరు కణాలలోను చురుకుగా ఉంటుంది. రక్తాన్ని పుట్టించే మూలకణాలలో కొద్దిగా ఉంటుంది. సాధారణ శరీర కణాలలో దాదాపు ఉండదు. తెల్ల రక్తకణాలలో టెలోమియరు పొడవు పుట్టినపుడు సుమారు పదివేల అక్షరాలు. బాల్యంలో వేగంగాను, ఆ తరువాత ఏడాదికి సుమారు 20 నుండి 40 అక్షరాల చొప్పున నెమ్మదిగాను తగ్గుతుంది. పరిశోధనలలో "టెలోమియరు పొడవు" అన్నపుడు సాధారణంగా తెల్ల రక్తకణాలలోని సగటు పొడవు అని అర్థం. గుండె నుండి గాని, ధమని నుండి గాని ముక్క కోసి కొలవడం సాధ్యం కాదు గనుక రక్తమే ఆధారం.

రక్తనాళాలతో సంబంధం

ధమనుల లోపలి పొరలోని కణాలు రక్తపు ఒరవడికి అరిగిపోతూ, కొత్త కణాలతో నిండుతూ ఉంటాయి. ఒరవడి ఎక్కువగా తగిలే చోట విభజనలు ఎక్కువ. అందుచేత టెలోమియర్ల తరుగుదలయు ఎక్కువ. ఛాంగ్, హార్లీ అనే పరిశోధకులు 1995లో నడుము దిగువన కాళ్ళకు పోయే ఇలియాక్ ధమనిని, రొమ్ము లోపలి ధమనిని పోల్చి చూచారు. మొదటిదానిలో టెలోమియర్ల నష్టం ఎక్కువగా కనబడింది. రొమ్ము లోపలి ధమనిలో కొవ్వు అరుదుగా పేరుకొంటుంది. బైపాస్ శస్త్రచికిత్సకు దానినే వాడడానికి ఇదొక కారణం. కనుక ఈ పోలిక ఆసక్తికరమైనది.

టెలోమియర్లు బాగా తరిగిన కణాలు విభజన మానివేస్తాయి గాని వెంటనే చనిపోవు. అవి వాపును కలిగించే పదార్థాలను స్రవిస్తూ అక్కడే ఉండిపోతాయి. కొవ్వు గడ్డకు పైకప్పుగా ఉండే కండర కణాలు ఈ విధంగా ముదిరినచో కప్పు పలుచబడి చిట్లవచ్చును. గుండెపోటుకు సాధారణంగా దారితీసేది ఈ చిట్లడమే. గాయపడిన ధమని పొరను సరిచేసే సామర్థ్యం టెలోమియర్లు కురచగా ఉన్నవారిలో తక్కువగా ఉంటుందని అమెరికాలోని అబ్రహాం అవీవ్ వంటివారి అభిప్రాయం.

స్త్రీలలో టెలోమియర్లు

స్త్రీలలో ఈ పొడవు ఎందుకు ఎక్కువ? ఈస్ట్రోజెన్ హార్మోను టెలోమరేజ్ జన్యువును ప్రేరేపించగలదని కణాలపై చేసిన ప్రయోగాలలో తేలింది. టెలోమరేజ్‌తో కలిసి పనిచేసే డిస్కెరిన్ అనే ప్రోటీను జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నది; ఆ జన్యువు దెబ్బతిన్నచో వచ్చే అరుదైన వంశపారంపర్య వ్యాధి ప్రధానంగా మగవారికే సోకుతుంది. అయితే ఈస్ట్రోజెన్ ఒక్కటే కారణమని చెప్పడానికి వీలులేదు. 2016లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఆడశిశువుల టెలోమియర్లు పుట్టుకతోనే మగశిశువుల వాటికంటె పొడవుగా ఉన్నవి. అనగా రజస్వల కావడానికి చాలా ముందే ఈ తేడా ఉన్నదన్నమాట.

కొలిచే పద్ధతి వలన కూడా చిక్కు వచ్చింది. 36 సముదాయాలలో 36 వేల మందికి పైగా వ్యక్తుల వివరాలను 2014లో ఒకచోట చేర్చి చూచినపుడు, సదరన్ బ్లాట్ అనే పాత పద్ధతిలో కొలిచిన చోట్ల స్త్రీపురుష భేదం స్పష్టంగా కనబడింది, పి.సి.ఆర్. పద్ధతిలో కొలిచిన చోట్ల అంతగా కనబడలేదు. రిచర్డ్ కాథన్ 2002లో ప్రవేశపెట్టిన ఈ పి.సి.ఆర్. పద్ధతి చౌక, త్వరితం. వేలమందిని పరీక్షించడానికి అదే అనుకూలం. కాని ఒక ప్రయోగశాల ఫలితాన్ని మరొక ప్రయోగశాల ఫలితంతో నేరుగా పోల్చడం కష్టం. ఈ రంగంలోని పరస్పర విరుద్ధమైన ఫలితాలలో కొన్నింటికి మూలం ఇక్కడే ఉన్నది.

స్త్రీలపై జరిగిన పరిశోధనలలో ప్రజలలో ఎక్కువ ప్రచారం పొందినది 2004 నాటిది. దీర్ఘరోగంతో బాధపడే బిడ్డలకు సేవ చేసే తల్లులను, ఆరోగ్యవంతులైన బిడ్డలు గల తల్లులను, మొత్తం 58 మందిని, ఎలిస్సా ఎపెల్, బ్లాక్‌బర్న్ మొదలైనవారు పరీక్షించారు. మానసిక ఒత్తిడి అత్యధికంగా ఉన్నదని చెప్పిన తల్లుల టెలోమియర్లు, ఒత్తిడి తక్కువగల తల్లుల వాటికంటె కనీసం పది సంవత్సరాల ముదిమికి సమానమైనంత కురచగా ఉన్నవి. బిడ్డ మంచం పక్కనే ఏళ్ళు గడిపే తల్లి కష్టం రక్తకణంలో కూడా నమోదవుతుందన్న భావన ఎవరినైనా కదిలిస్తుంది. కాని తరువాత జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూడగా ఒత్తిడికీ టెలోమియరు పొడవుకూ గల సంబంధం చాలా స్వల్పమని తేలింది. 58 మంది అన్న సంఖ్య చిన్నదని గుర్తుంచుకొనడం అవసరం.

హృద్రోగంతో సంబంధం: పరిశీలనలు

నీలేశ్ సమానీ నాయకత్వంలో ఇంగ్లండులోని లెస్టర్ పరిశోధకులు 2001లో తీవ్రమైన ధమనీ వ్యాధి గల 10 మందిని, ఆరోగ్యవంతులైన 20 మందిని పోల్చారు. రోగుల టెలోమియర్లు సుమారు 8.6 సంవత్సరాలు పెద్దవారి టెలోమియర్లంత కురచగా కనబడినవి. 2003లో కాథన్ బృందం అమెరికాలోని యూటా రాష్ట్రంలో 60 సంవత్సరాలు దాటిన 143 మందిని పరిశీలించి, కురచ టెలోమియర్లు గలవారిలో హృద్రోగ మరణాలు మూడు రెట్లకు పైగా ఉన్నవని ప్రకటించింది.

2007లో స్కాట్లండులో జరిగిన పెద్ద అధ్యయనంలోను ఇటువంటి సంబంధమే కనబడింది. పొడవు తక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బు సుమారు ఒకటిన్నర రెట్లు. అయితే అందులో పాల్గొన్నవారందరూ పురుషులే. హృద్రోగ పరిశోధనలో ఇది పాత అలవాటు. పురుషులలో కనబడినదానిని స్త్రీలకు కూడా వర్తింపజేసి ఊరుకొనేవారు. దాని ఫలితాన్ని స్త్రీలు అనుభవించారు: ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం వంటి లక్షణాలతో వచ్చే గుండెపోటును గుర్తించడంలో ఆలస్యం జరుగుతూ వచ్చింది.

స్త్రీలు కూడా ఉన్న అధ్యయనాలలో ముఖ్యమైనది అమెరికాలోని కార్డియోవాస్క్యులర్ హెల్త్ స్టడీ. 1989లో ప్రారంభమైన ఈ అధ్యయనంలో నాలుగు ప్రాంతాలకు చెందిన, 65 సంవత్సరాలు దాటిన 5,888 మంది చేరారు. వీరిలో 419 మంది టెలోమియర్లను కొలిచి 2007లో ఫలితాలు ప్రకటించారు. 73 సంవత్సరాల లోపువారిలో ప్రతి వెయ్యి అక్షరాల తగ్గుదలకు గుండెపోటు ప్రమాదం సుమారు మూడు రెట్లు పెరిగింది. అంతకంటె పెద్దవారిలో ఆ సంబంధం కనబడలేదు. బహుశః అంతకాలం జీవించినవారు అప్పటికే వడపోతకు గురై మిగిలినవారు కావడం వలన కావచ్చును.

70 నుండి 79 సంవత్సరాల వృద్ధులపై 2009లో వచ్చిన ఒక పరిశోధన స్త్రీపురుషుల మధ్య వింతైన తేడాను చూపింది. స్త్రీలలో మొదటిసారి కొలిచినప్పటి పొడవే హృద్రోగ మరణాన్ని సూచించింది. పురుషులలో మాత్రం మొదటి పొడవు గాక, రెండున్నర సంవత్సరాలలో అది ఎంత తగ్గిందన్నది సూచించింది.

2014లో 24 అధ్యయనాలలోని 43,725 మంది వివరాలను ఏకం చేసి చూచారు. టెలోమియర్ల పొడవును బట్టి జనాన్ని మూడు భాగాలు చేసినచో, అతి కురచ భాగంలో ఉన్నవారికి అతి పొడవు భాగంలో ఉన్నవారి కంటె గుండెజబ్బు ప్రమాదం 54 శాతం ఎక్కువ. కాబట్టి 143 మందిలో కనబడిన మూడు రెట్లు వేలమందిలో ఒకటిన్నర రెట్లుగా మారినది.

గుర్తా, కారణమా?

ధూమపానం, స్థూలకాయం, మధుమేహం ఇవన్నీ గుండెకు చేటు. ఇవే టెలోమియర్ల కురచదనంతో కూడా ముడిపడి ఉన్నవి. అటువంటప్పుడు కురచ టెలోమియరు దోషియా, లేక దోషి పక్కన నిలుచున్న సాక్షియా అన్నది పరిశీలన వలన తేలదు.

స్త్రీల ఆరోగ్య విషయంలో ఇటువంటి పొరపాటు ఒకసారి పెద్ద ఎత్తున జరిగింది. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ మాత్రలు వాడే స్త్రీలలో గుండెజబ్బు దాదాపు సగమేనని అమెరికాలో నర్సులపై జరిగిన పరిశీలనలు 1985 నుండి చెబుతూ వచ్చినవి. లక్షలాది స్త్రీలు ఆ మాత్రలు వాడారు. కాని 16,608 మంది స్త్రీలను చీటీలు తీసినట్లు రెండు జట్లుగా విడదీసి చేసిన ప్రయోగాన్ని 2002 జూలైలో మధ్యలోనే ఆపివేయవలసి వచ్చింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి తీసుకొన్న జట్టులో గుండెజబ్బు తగ్గడానికి బదులు 29 శాతం ఎక్కువగా కనబడింది. రొమ్ము క్యాన్సరు కూడా పెరిగింది. ముట్లుడిగిన వెంటనే మొదలుపెట్టినవారి విషయం వేరు కావచ్చునని తరువాతి విశ్లేషణలు సూచించినవి గాని, పరిశీలనను మాత్రమే నమ్ముకొని మందు ఇవ్వరాదన్న సంగతి స్థిరపడింది.

టెలోమియర్లను చీటీలు తీసి ఎవరికీ పంచలేము. ప్రకృతి మాత్రం పంచుతుంది. తల్లిదండ్రుల నుండి బిడ్డకు ఏ జన్యు రూపం వస్తుందన్నది గర్భధారణ సమయంలోనే, చీటీ వేసినట్లు, నిర్ణయమవుతుంది. పొగ త్రాగడం వలన గాని, రోగం రావడం వలన గాని ఆ రూపం మారదు. కనుక కురచ టెలోమియర్లను ఇచ్చే జన్యు రూపాలు గలవారికి గుండెజబ్బు ఎక్కువగా వచ్చినచో, కురచదనం కారణంలో భాగమని చెప్పవచ్చును. వంశానుగత సూత్రాలను కనుగొన్న మెండెల్ పేరు మీదుగా ఈ పద్ధతిని మెండెలీయ యాదృచ్ఛికీకరణం అంటారు.

జన్యు వైవిధ్యం

టెలోమరేజ్‌కు రెండు ముఖ్య భాగాలు. టెర్ట్ అనే జన్యువు ప్రోటీను భాగాన్ని, టెర్క్ అనే జన్యువు అచ్చుగా ఉపయోగపడే ఆర్.ఎన్.ఏ.ను తయారు చేస్తాయి. టెర్ట్ 5వ క్రోమోజోము మీద, టెర్క్ 3వ క్రోమోజోము మీద ఉన్నవి. టెర్క్ సమీపంలోని ఒక అక్షరపు తేడా టెలోమియర్లను సుమారు 3.6 సంవత్సరాల ముదిమికి సమానంగా తగ్గిస్తుందని 2010లో సమానీ బృందం కనుగొన్నది. అదే సంవత్సరం 10వ క్రోమోజోము మీది ఓ.బి.ఎఫ్.సి.1 అనే జన్యువుకు కూడా ఈ పొడవుతో సంబంధం ఉన్నదని తేలింది.

పైన చెప్పిన కార్డియోవాస్క్యులర్ హెల్త్ స్టడీలోని మూడువేలకు పైగా శ్వేతజాతీయులలో ఈ రెండు జన్యువుల రూపాలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఓ.బి.ఎఫ్.సి.1 యొక్క అరుదైన రూపం గల స్త్రీలలో హృద్రోగ మరణాలు తక్కువగా కనబడినవి. పురుషులలో అటువంటి తేడా కనబడలేదు. టెలోమియర్ల ప్రభావం స్త్రీల హృదయంపై ప్రత్యేకంగా ఉండవచ్చునన్న ఊహకు ఇది ముఖ్యమైన ఆధారం. అయితే ఒకే అధ్యయనాన్ని స్త్రీలు, పురుషులు అని విడదీసినపుడు కేవలం యాదృచ్ఛికంగా కూడా ఇటువంటి తేడాలు కనబడవచ్చును. ఈ ఒక్క ఫలితంతో స్త్రీపురుష భేదం రుజువైనదని భావించడం తొందరపాటు.

2013లో వెరిల్ కాడ్, సమానీ మొదలైనవారు 37,684 మందిలో టెలోమియరు పొడవును ప్రభావితం చేసే ఏడు జన్యుస్థానాలను గుర్తించారు. పొడవును తగ్గించే రూపాలు అధికంగా గలవారికి ధమనీ వ్యాధి ఎక్కువని 22 వేలకు పైగా రోగులతో పోల్చి చూపించారు. పొడవులో ఒక ప్రామాణిక విచలనం తగ్గుదలకు ప్రమాదం సుమారు 21 శాతం పెరిగింది. 2021లో బ్రిటన్‌లోని యు.కె. బయోబ్యాంకుకు చెందిన 4,72,174 మంది వివరాలతో జన్యుస్థానాల సంఖ్య 138కి చేరింది. ఇన్ని స్థానాలు కలిపినా పొడవులోని తేడాలో సుమారు 4.5 శాతాన్ని మాత్రమే వివరించగలవు. కాబట్టి కురచ టెలోమియర్లు ధమనీ వ్యాధికి కారణాలలో ఒకటి అన్నమాట ఇప్పుడు బలంగానే ఉన్నది. అది చిన్న కారణమన్నది కూడా అంతే బలంగా ఉన్నది.

పొడవు వలన నష్టం

టెలోమియర్లు పొడవుగా ఉంటే మంచిదే గదా అనిపించడం సహజం. 2017లో వెలువడిన మరొక జన్యు విశ్లేషణ దీనికి విరుద్ధమైన చిత్రాన్ని చూపింది. పొడవైన టెలోమియర్లను ఇచ్చే జన్యు రూపాలు గలవారికి గుండెజబ్బు తక్కువ. కాని పలు రకాల క్యాన్సర్లు ఎక్కువ. కణం విభజన ఆగిపోవడం ముదిమికి దారితీసినా, అదుపు తప్పిన కణానికి అదే కళ్ళెం. పీ.ఓ.టీ.1 అనే జన్యువులో లోపం వలన అసాధారణంగా పొడవైన టెలోమియర్లు గల కుటుంబాలపై 2023లో వచ్చిన పరిశోధనలో ఆ కుటుంబాలవారికి కంతులు, క్యాన్సర్లు, రక్తకణాల అసహజ వృద్ధి ఎక్కువగా కనబడినవి. టెలోమియర్లను పొడిగిస్తాయని అమ్మే మాత్రలను, పొడులను ఈ వెలుగులో చూడవలసి యున్నది. అవి గుండెపోటును తగ్గిస్తాయని ఏ ప్రయోగమూ నిరూపించలేదు.

వైద్యంలో ఉపయోగం

టెలోమియరు పొడవును కొలిచి "జీవసంబంధమైన వయస్సు" చెబుతామనే వాణిజ్య పరీక్షలు కొన్ని దేశాలలో లభిస్తున్నాయి. ఒక వ్యక్తికి గుండెపోటు వస్తుందో రాదో చెప్పడానికి అవి పనికిరావు. ఒకే వయస్సువారిలో పొడవు చాలా ఎక్కువ తక్కువలుగా ఉంటుంది, కొలతలో దోషం ఉంటుంది, ప్రమాదంలో తేడా స్వల్పం. టెలోమియర్ల పరీక్ష నిజంగా అవసరమయ్యేది వంశపారంపర్యంగా ఎముకమజ్జ విఫలమయ్యే అరుదైన వ్యాధులలోను, కొన్ని రకాల ఊపిరితిత్తుల వ్యాధులలోను.

జన్యు పరీక్షల సంగతి కూడా స్త్రీల విషయంలో పరీక్షకు నిలిచింది. అమెరికాలో 19,313 మంది ఆరోగ్యవంతులైన శ్వేతజాతి స్త్రీలను సుమారు 12 సంవత్సరాలు గమనించి 2010లో ఫలితాలు ప్రకటించారు. హృద్రోగంతో సంబంధం ఉన్నట్లు అప్పటికి తెలిసిన 101 జన్యు రూపాలను లెక్కించి చూచినా, వయస్సు, రక్తపోటు, కొలెస్టరాల్, ధూమపానం వంటి మామూలు వివరాలు తెలిసిన తరువాత ఆ లెక్క అదనంగా ఏమీ చెప్పలేకపోయింది. తల్లికి గాని తండ్రికి గాని చిన్న వయస్సులో గుండెపోటు వచ్చిందా అన్న ఒక్క ప్రశ్న మాత్రం ఉపయోగపడింది. లక్షలాది రూపాలను కలిపి లెక్కించే నేటి పద్ధతులు అప్పటికంటె మెరుగైనవే గాని, ఆ ప్రశ్న విలువ తగ్గలేదు.

స్త్రీలకు ప్రత్యేకమైన మరికొన్ని ప్రశ్నలు కూడా ఉన్నవి: గర్భిణిగా ఉన్నపుడు రక్తపోటు గాని మధుమేహం గాని వచ్చినదా, ముట్లు 40 సంవత్సరాల లోపే ఉడిగినవా అనేవి. ఇవి ఉన్నవారికి తరువాతి కాలంలో గుండెజబ్బు ప్రమాదం ఎక్కువ. వీటికి రక్తపరీక్ష అక్కరలేదు. మధుమేహం వచ్చినచో స్త్రీలకు సహజంగా ఉన్న వెసులుబాటు చాలావరకు పోతుంది.

దక్షిణాసియా

పైన పేర్కొన్న జన్యు పరిశోధనలలో అత్యధిక భాగం ఐరోపా సంతతివారిపై జరిగినవే. దక్షిణాసియావారిలో టెలోమియర్ల పొడవుకు సంబంధించిన జన్యువులపై చెప్పుకోదగిన అధ్యయనం బంగ్లాదేశ్‌లో సుమారు 5 వేల మందిపై జరిగింది. ఐరోపావారిలో కనబడిన స్థానాలు కొన్ని ఇక్కడ కూడా కనబడినవి. వాటితో పాటు ఆర్.టెల్.1 అనే జన్యువు వద్ద కొత్తగా రెండవ సంకేతం బయటపడింది. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం స్త్రీలకు మొదటి గుండెపోటు పురుషుల కంటె సగటున 9 సంవత్సరాలు ఆలస్యంగా వస్తుంది. దక్షిణాసియావారికి మాత్రం ఇతర దేశాలవారి కంటె సుమారు 6 సంవత్సరాలు ముందుగా, 53 సంవత్సరాల ప్రాంతంలోనే వస్తుంది. ఆ తొందరపాటులో చాలా భాగాన్ని ధూమపానం, రక్తంలో కొవ్వులు, మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలే వివరించినవి.